పన్నెండు నుంచి అయిదుకు

ఆయన చనిపోయిన సంగతి నాకు మా కాలేజీ స్టాఫ్ రూములో తెలిసింది. చెప్పింది ఆఫీసు క్లర్కు. హాజరు రిజిస్టరు నా ముందు పెడుతూ, "మేడం, ఎరికేనా, మన ఎలక్ట్రానిక్స్ ల్యాబుల బోర్డులు కాలవెట్టినాయన లేడా, పోయిండంట. మిర్యాలగూడల. గుండెనొప్పంట," అన్నాడు. అనేసి, సంతకం ఎక్కడ పెట్టాలో వేలితో చూపించాడు.

గదిలో నలుగురం ఉన్నాం. ఇద్దరు "ఓ, ఆయనా" అన్నారు. మూడో ఆయన టీ చల్లారిపోయిందని విసుక్కున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. కోదాడ పక్కన ఉన్న ఈ కాలేజీలో ఏళ్ల తరబడి పిల్లల సర్క్యూట్ బోర్డులు కాలకుండా కాపాడిన మనిషికి చివరికి మిగిలిన పేరు అది. ఆ బోర్డులు కాలిన పూట ఆయన ఆ గదిలోనే లేడు. నేను ఉన్నాను. ఉండి, తెలిసి, ఇన్నేళ్లు నోరు మూసుకుని కూర్చున్నాను. ఇప్పుడు రాస్తున్నాను, ఎవరికి నచ్చినా నచ్చకపోయినా.

ఆయనది నడిగూడెం దగ్గర పల్లె. అన్నదమ్ములు గొర్రెలు మేపుతారు. ఇంట్లో ఐటీఐ దాకా చదివింది ఈయన ఒక్కడే. కాలేజీ పెట్టిన కొత్తలో, రెండు వేల ఒకటిలోనో రెండులోనో, ల్యాబు టెక్నీషియన్‌గా చేరాడట. నేను సూర్యాపేట నుంచి బస్సులో వచ్చి లెక్చరర్‌గా చేరేసరికి ల్యాబు మొత్తం ఆయన చేతిలో ఉండేది. చెప్పులు ల్యాబు గుమ్మం బయటే విడిచేవాడు. పిల్లలు బూట్లతో తిరుగుతున్నా సరే, తాను మాత్రం ఒట్టి కాళ్లతోనే. ఏ మిషనైనా వేడెక్కిందా లేదా చూడాలంటే వేలి కొసతో కాదు, వేలి వెనకవైపుతో తాకేవాడు. తాకి, బాగుంటే "చల్లగుంది" అనేవాడు. ఆయన దగ్గర అంతకు మించిన మెచ్చుకోలు లేదు. మనుషులకూ అదే మాట. "గా సారు చల్లటి సారు మేడం," అనేవాడు. పిల్లలెవరైనా వైరు పళ్లతో కొరికి తోలు తీస్తుంటే మాత్రం చల్లగా ఉండేవాడు కాదు. "పండ్లతోని కాదు బిడ్డా, స్ట్రిప్పర్ ఏం పాపం జేసింది," అని ఆ వైరు లాక్కునేవాడు.

అందరిలాగే ఆయన కూడా చేరిన రోజే ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆఫీసులో అప్పజెప్పాడు. ఇది మా ప్రైవేటు కాలేజీల ఆచారం. లెక్చరరైనా టెక్నీషియనైనా మధ్యలో వదిలి పారిపోకుండా కాగితాలు వాళ్ల దగ్గర పెట్టుకుంటారు. ప్రిన్సిపాల్ గదిలో ఒక పచ్చ బీరువా. అందులో నా ఎం.టెక్ ఉండేది, ఆయన ఐటీఐ ఉండేది. భద్రంగా ఉంటాయమ్మా అని చెప్పేవారు. దొంగసొత్తు కూడా భద్రంగానే ఉంటుంది.

ఒక ఏడు ల్యాబుకు కొత్త పవర్ సప్లైలు కొనాలన్నారు. బోర్డులకు కరెంటు ఇచ్చే మిషన్లు ఇవి. ఎన్ని వోల్టులు కావాలో ముందే దాచిపెట్టుకుని, ఒక్కో బటన్ నొక్కితే ఒక్కో వోల్టేజీ ఇస్తాయి. కాలేజీ కొనుగోళ్లన్నీ ఛైర్మన్ గారి బావమరిది చూసేవాడు. ఆయనకు మిర్యాలగూడలో రైసు మిల్లు ఉంది. ధాన్యం కొన్నట్టే మిషన్లూ కొనేవాడు, బయటి బస్తా చూసి. హైదరాబాదు నుంచి టై కట్టుకున్న ఏజెంటు వచ్చి, ఒక మిషన్ బల్ల మీద పెట్టి, రంగుల కాగితం చేతిలో పెట్టాడు.

"దీని రెస్పాన్స్ మైక్రోసెకన్లలో ఉంటుంది సార్," అన్నాడు ఏజెంటు.

"ఎక్కెటప్పుడా, దిగెటప్పుడా?" అని వెనక నుంచి మా టెక్నీషియన్ అడిగాడు.

"అంటే?"

"పన్నెండు నుంచి అయిదుకు ఎంతసేపట్ల దిగుతది అని."

ఏజెంటు మళ్లీ రంగుల కాగితమే చూపించాడు. ఈయన కాగితం చూడలేదు. మిషన్‌కు వోల్టేజీని గీతగా గీసి చూపించే ఆసిలోస్కోపు తగిలించి, పన్నెండు వోల్టుల బటన్ నొక్కాడు. తెరమీద గీత టక్కున పైకి లేచింది. అయిదు వోల్టుల బటన్ నొక్కాడు. మిషన్ ముఖం మీద ఎర్రటి అంకెలు వెంటనే అయిదు అని చూపించాయి. తెరమీద గీత మాత్రం తీరిగ్గా, ఎవరి సొమ్మో తిన్నట్టు, మెల్లగా జారుతోంది. ఈయన పైకి లెక్కపెట్టాడు. పన్నెండు లెక్కపెట్టేదాకా అది అయిదు వోల్టుల దగ్గరికి రాలేదు.

"సార్," అన్నాడు బావమరిదితో, "మీ మిల్లుల నీళ్ల ట్యాంకి ఉంటది గద. మోటర్ బంజేస్తే ట్యాంకి ఖాళీ అయితదా? కాదు. కింద నల్లా ఇప్పాలె. దీని లోపట పెద్ద కెపాసిటర్ ఉంది, అదే ట్యాంకి. నింపే మోటర్ వెట్టిండ్రు గని నల్లా వెట్టలే. మంచి మిషన్లయితే కరెంటు ఇచ్చుడే కాదు, ఎనకకు గుంజుకునుడు గూడ తెలుస్తది వాటికి. ఇది అయిదు అని సూపెడ్తది, లోపట పది ఉంటది. పోరగాండ్ల బోర్డులు పోతయ్ సార్."

బావమరిది పగలబడి నవ్వాడు. "దిగుడు మనకెందుకయ్యా? ఎక్కుడు గావాలె మనకు. మన పోరగాండ్లు పైకి రావాలె గని కిందికి దిగుతరా?"

ఏజెంటు నవ్వాడు, ప్రిన్సిపాల్ నవ్వాడు. నేను కూడా నవ్వాను. బావమరిది నవ్వితే నవ్వాలని మాకెవరూ చెప్పనక్కర్లేదు. ఈయన వైర్లు చుట్టుకుంటూ నాకు మాత్రం వినపడేలా, "దీన్ని నాల్గొద్దులు మన ఆఫీసుల ఉంచాలె మేడం. గుంజుకునుడు మంచిగ నేర్సుకుంటది," అన్నాడు. అలాంటివి ఆరు మిషన్లు వచ్చాయి. కాలేజీ కరపత్రంలో ప్రపంచస్థాయి ల్యాబు అని అచ్చువేశారు.

అరవై మంది పిల్లలు, ఆరు మిషన్లు. ఒక బల్ల మీద పిల్లలు పన్నెండు వోల్టులతో మోటారు తిప్పుతుంటారు, పక్క బల్ల వాళ్లకు చిప్పు బోర్డుకు అయిదు వోల్టులు కావాలి. ఇక్కడ వైరు పీకి, బటన్ నొక్కి, అక్కడ పెడతారు. ఎర్ర అంకెలు అయిదు అంటుంటే ఏ పిల్ల నమ్మదు? మొదటి వారంలోనే రెండు చిప్పులు పొగలు కక్కి చచ్చాయి.

ఆయన మళ్లీ ఎవరికీ ఫిర్యాదు చేయలేదు. ఆదివారం కోదాడలో ట్రాక్టర్ మెకానిక్కుల దగ్గర తిరిగి పాత ఇండికేటర్ బల్బులు తెచ్చాడు. ఇళ్లకు పెట్టే కాలింగ్ బెల్ స్విచ్చులు తెచ్చాడు. చెక్కముక్కలతో ఆరు డబ్బాలు చేసి, ఒక్కో మిషన్‌కు ఒకటి బిగించాడు. పన్నెండు బల్ల నుంచి వైరు పీకగానే అయిదు బటన్ నొక్కాలి, తర్వాత బెల్ స్విచ్చు నొక్కి పట్టుకోవాలి. లోపల దాగున్న కరెంటును బల్బు తాగేస్తుంది. భగ్గున వెలిగి, క్షణంలో వెలుగు తగ్గి, నిలబడుతుంది. అప్పుడు పక్క బల్లకు పెట్టాలి. "బల్బు మసకైనంక వెట్టు బిడ్డా," అని రోజుకు వందసార్లు చెప్పేవాడు. పిల్లలు ఆయన గొంతుతోనే అనుకరించేవాళ్లు. క్యాంటీన్‌లో ఎవడైనా కోపంతో ఊగిపోతుంటే, "వీనికి జర బల్బు వత్తుండ్రిరా," అని నవ్వుకునేవాళ్లు. ఆ బల్బులున్నంత కాలం ఒక్క చిప్పు పోలేదు.

ఆ తర్వాత తనిఖీ బృందం వస్తోందని కబురొచ్చింది. ముందురోజు ప్రిన్సిపాల్ ల్యాబులోకి వచ్చాడు. గుంటూరు వైపు మనిషి. "ఏంటమ్మా ఇది? ఎలక్ట్రానిక్స్ ల్యాబా, ట్రాక్టర్ షెడ్డా? రేప్పొద్దున వాళ్లొచ్చేసరికి ఈ బల్బులు నాకు కనపడకూడదు," అన్నాడు. ల్యాబు ఇన్‌ఛార్జిని నేను. అవి ఎందుకున్నాయో చెప్పాల్సింది నేను. చెప్పలేదు. ఆయన దగ్గరికి వెళ్లి, "రెండు రోజులే కదన్నా, తియ్యండి," అన్నాను.

"మీరు చెప్తే తీస్త మేడం. మల్ల ఎప్పుడు పెట్టాల్నో గది గూడ చెప్పుండ్రి," అన్నాడు.

తానే స్క్రూలు విప్పాడు. ఒక్కో డబ్బాను పాత పేపర్లో చుట్టి సిమెంటు సంచిలో పెట్టాడు. సంచి స్టోరు గదిలోకి వెళ్లింది. తనిఖీవాళ్లు ల్యాబులో నాలుగు నిమిషాలు, భోజనాల దగ్గర రెండు గంటలు గడిపి వెళ్లారు. స్టోరు తాళంచెవి బావమరిది జేబులో మిర్యాలగూడకు పోయింది. ఆ తర్వాత మూడు వారాలు రోజూ పొద్దున్నే ఈయన నన్ను అడిగాడు, "మేడం, తాళంచెయ్యి?" అని. నేను బావమరిదికి ఒక్కసారి ఫోన్ చేశాను. ఎత్తలేదు. రెండోసారి చేయలేదు. తాళం పగలగొట్టించాలన్న ఆలోచన కూడా నాకు రాలేదు. చదువుకున్నదాన్ని కదా.

ఆయన ఊరుకోలేదు. దించినంక పదిహేను లెక్కవెట్టి వైరు వెట్టుండ్రి అని పెద్దక్షరాలతో రాసి ప్రతి మిషన్ వెనక గోడకు అంటించాడు. ఫైనలియర్ ప్రాక్టికల్ పరీక్ష ముందురోజు వాటినీ చింపేశారు. పరీక్ష గదిలో గోడల మీద రాతలుంటే కాపీ కిందికి వస్తుందట.

పరీక్ష రోజు మా దగ్గర ఇంకో ఆచారం. బయటి నుంచి వచ్చే ఎగ్జామినర్‌ను బస్టాండ్ నుంచి తీసుకురావడం, ఆయన భోజనం తేవడం ల్యాబు టెక్నీషియన్ పని. మిషన్లన్నీ తెలిసిన ఒక్క మనిషిని, మిషన్లన్నీ ఆన్ చేసే ఒక్క రోజున, బిర్యానీకి పంపిస్తారు. ఎగ్జామినర్‌ను దించేసి, భోజనం కోసం మళ్లీ కోదాడ వెళ్తూ ఆయన గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ నాతో అన్నాడు.

"మేడం, నేనొచ్చేదాక పన్నెండు బల్లలు, అయిదు బల్లలు కలవనియ్యకుండ్రి."

సరే అన్నాను. పదిన్నరకల్లా ఎగ్జామినర్ గడియారం చూసుకోవడం మొదలుపెట్టాడు. "కానివ్వండమ్మా, ఇలాగైతే రెండు బ్యాచ్‌లు ఎప్పటికయ్యేను," అన్నాడు. పిల్లలు వణికిపోతున్నారు. వైర్లు లాగి ఈ బల్ల మీదివి ఆ బల్ల మీద పెడుతున్నారు. ఆగండి, పదిహేను లెక్కపెట్టండి అని నేను ఒక్క కేక వేసి ఉంటే చాలు. ఎగ్జామినర్ ఏమనుకుంటాడోనని వేయలేదు. మొదటి చిప్పు పోయినప్పుడు పిల్ల తప్పేదో చేసిందనుకుని ఇంకో బోర్డు ఇప్పించాను. అదీ పోయింది. మధ్యాహ్నానికి పదకొండు బోర్డులు పోయాయి. ఒక అమ్మాయి బల్ల కింద కూర్చుని ఏడ్చింది.

ఆయన రెండు చేతుల్లో పార్సిళ్లతో వచ్చాడు. గుమ్మంలోనే వాసన తగిలింది. నేను చూస్తుండగా మొదటిసారి చెప్పులతో ల్యాబులోకి వచ్చేశాడు. పార్సిళ్లు నేలమీద పెట్టి, వరసగా ఒక్కో చిప్పునూ వేలి వెనకవైపుతో తాకుతూ వెళ్లాడు. పదకొండోది తాకి, తల తిప్పి నన్ను చూశాడు. తిట్టినా బాగుండేది.

సాయంత్రానికే కాగితం తయారైంది. టెక్నీషియన్ నిర్లక్ష్యం వల్ల పదకొండు బోర్డులు దెబ్బతిన్నాయని మూడు వాక్యాలు. కింద ముగ్గురి సంతకాలకు చోటు. ప్రిన్సిపాల్, బావమరిది అప్పటికే పెట్టేశారు. మూడోది ల్యాబు ఇన్‌ఛార్జిది.

"సార్, ఆయన అప్పుడు గదిలో లేడు," అన్నాను.

"అందుకేగా నిర్లక్ష్యం అంటున్నాం. ఉండాల్సినోడు లేడు."

"మీరే పంపారు కదా సార్."

ప్రిన్సిపాల్ నన్ను చూడలేదు. నా వెనక ఉన్న పచ్చ బీరువా వైపు చూశాడు. "నువ్వు జాయినై ఎన్నాళ్లయిందమ్మా?" అని అడిగాడు, ఎంతో ఆప్యాయంగా. నేను సంతకం పెట్టాను. భయంతో పెట్టానని రాస్తే జాలిపడేవాళ్లుంటారు. జాలి నాకక్కర్లేదు.

ఆయన ఉద్యోగం పోయింది. సర్టిఫికెట్ ఇవ్వమని అడిగితే బోర్డుల సంగతి తేలేదాకా ఇచ్చేది లేదన్నారు. అది తేలేది కాదని అందరికీ తెలుసు. ఆయన జేబులో టెస్టరు పెట్టుకుని గేటు దాటి వెళ్లిపోయాడు. ఐటీఐ కాగితం బీరువాలో ఉండిపోయింది.

మూడేళ్లకు మా పిల్లలను ఒక మిల్లు చూపించడానికి మిర్యాలగూడ తీసుకెళ్లాను. బావమరిది మిల్లు కాదు, వేరేవాళ్లది. అక్కడ బియ్యంలో నల్లగింజలను కెమెరాతో పసిగట్టి, గాలి ఊది ఎగరగొట్టే మిషన్లున్నాయి. ఆ మిషన్ బోర్డులు చెడిపోతే బాగుచేసేది ఎవరంటే గోడ పక్కన రేకుల గది చూపించారు. గుమ్మం బయట చెప్పులున్నాయి. లోపల ఆయన.

"మేడం! రాండ్రి, రాండ్రి," అని స్టూలు తుడిచాడు. జుట్టు నెరిసింది. నన్ను చూసి సంతోషపడ్డాడు. ఆ సంతోషం నాకు ముల్లులా గుచ్చుకుంది. బల్ల మీద తాను స్వయంగా చేసుకున్న పవర్ సప్లై ఉంది. పైన అరచెయ్యంత అల్యూమినియం రెక్కలు. ఆసిలోస్కోపు కూడా ఉంది, ఎక్కడో పాత సామాన్లలో కొన్నదట. "సూడుండ్రి," అని పన్నెండు నుంచి అయిదుకు నొక్కాడు. గీత కత్తితో కోసినట్టు కిందికి దిగింది.

"గుంజుకునుడు నేర్పిన దీనికి. ఈ మిషన్ల గాలి వాల్వులు ఉంటయ్ సూడుండ్రి, అవి బందైనప్పుడల్ల కరెంటును ఎనకకు కొడ్తయ్. సప్లై గుంజుకోకపోతే బోర్డు ఖతం. ఎక్కుడు అందరు సూస్తరు మేడం, దిగుడే ఎవలు సూడరు."

ఆ అల్యూమినియం రెక్కలను వేలి వెనకవైపుతో తాకి, "చల్లగుంది," అన్నాను. ఆయన చిన్నపిల్లాడిలా నవ్వాడు. ఆ నవ్వు ఆసరా చేసుకుని, "అన్నా, ఆ రోజు కాగితం మీద నేను..." అని మొదలుపెట్టాను.

"ఛాయ్ తాగుతరా మేడం?" అని లేచాడు.

తాగుతున్నప్పుడు ఒకే ఒక్కటి అడిగాడు. "సబ్‌స్టేషన్ల ఆపరేటర్ పని ఉందంటుండ్రు. ఐటీఐ ఒరిజినల్ కావాల్నంట. కాలేజీకి మూడుమాట్ల పోయిన. గేటు కాడనే ఆపిండ్రు. మీరు లోపట ఉన్నరు గద, ఒక్కమాట అడిగి సూస్తరా?"

"తప్పకుండా అన్నా. ఈ వారంలోనే అడుగుతా," అన్నాను.

అడగలేదు. ఆ వారం సెలవులు. తర్వాత పరీక్షలు. ఆ తర్వాత సాకులు కూడా వెతుక్కోలేదు. ఆ సర్టిఫికెట్ అడిగితే ఆ కాగితం సంగతి లేస్తుంది, కాగితం లేస్తే నా సంతకం లేస్తుంది. అంతే. ఆయన రెండుసార్లు ఫోన్ చేశాడు. "అడుగుతున్నానన్నా," అని రెండుసార్లూ అబద్ధం చెప్పాను. మూడోసారి ఎత్తలేదు. ఆయన మళ్లీ చేయలేదు.

ఇదంతా ఆ పొద్దున స్టాఫ్ రూములో, నా పేరు ఎదురుగా సంతకం పెట్టాల్సిన గడి చూస్తుంటే ముంచుకొచ్చింది. రిజిస్టరు పక్కకు తోసి లేచి ఆఫీసుకు నడిచాను. క్లర్కు వెనకాలే వచ్చాడు. "ఆయన ఐటీఐ సర్టిఫికెట్ బీరువాలో ఉంది. నాకు ఇప్పుడే కావాలి," అన్నాను. కొట్లాటకు సిద్ధపడే వెళ్లాను. ఛైర్మన్ దాకా పోతాను, పోలీసు స్టేషన్‌కు పోతాను, ఇలా ఏవేవో మాటలు కూడబెట్టుకున్నాను. క్లర్కు ఒక్క ప్రశ్న వేయలేదు. పక్కనున్న ప్రిన్సిపాల్ గదిలోకి పోయి బీరువా తెరిచి, ఫైళ్లు నాలుగు తిరగేసి, దుమ్ము దులిపి నా చేతిలో పెట్టాడు.

"ఇంత సులువుగా ఇస్తారా?" అన్నాను. నా గొంతు నాకే వికారంగా వినిపించింది.

"ఎందుకియ్యం మేడం? గా ప్రిన్సిపాల్ సారు కాలేజీ ఇడిసి నాలుగేండ్లాయె. మీ టెక్నీషియన్ని గేటు కాడ ఆపమన్న మాట అట్లనే నడుస్తుంది గని, మీలాంటోళ్లు అడిగితే ఎవలొద్దంటరు? ఎవలు అడగలే."

ఆ సాయంత్రమే వాళ్ల ఊరికి వెళ్లాను. ఇంటి ముందు పందిరి ఇంకా తీయలేదు. ఆయన భార్య నన్ను ఎప్పుడూ చూడలేదు. పేరు చెప్పగానే గుర్తుపట్టింది. మంచం వాల్చి కూర్చోబెట్టి, లోపలికి పోయి గ్లాసుతో మంచినీళ్లు తెచ్చి నా ముందు పెట్టింది.

"మీ గురించి మస్తు చెప్పెటోడు మేడం. మేడం మాటిచ్చింది, తెస్తది, ఊకె కూసునే మనిషి కాదు అనెటోడు."

సర్టిఫికెట్ ఇచ్చాను. చేతులు కొంగుకు తుడుచుకుని, రెండు చేతులతో అందుకుంది. చదవడం రాదేమో, ఆయన పేరున్న చోటు ఎక్కడో అడిగింది. చూపించాను. దానిమీద అరచెయ్యి పెట్టి చాలాసేపు ఏడ్చింది. తర్వాత కళ్లు తుడుచుకుని నన్ను చూసింది.

"రెండేండ్ల సంది దీనికోసం ఎంత తిరిగిండ్రో మేడం మీరు. మావల్ల మీకు ఎంత తిప్పలాయె. ఎవలెవలి కాళ్లు వట్టుకున్నరో."

ఊరుకుంటే సరిపోయేది. తల ఊపితే చాలు. జీవితమంతా చేసిన పనే కదా.

"అయిదు నిమిషాలు పట్టిందమ్మా," అన్నాను. "నేను ఇవాళే అడిగాను."

ఆమె లేచి, నేనింకా ముట్టుకోని నీళ్ల గ్లాసు నా ముందు నుంచి తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.